పార్శ్వాసన శకట చతుస్సూత్రి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని ముందుగా చెప్పడం శాస్త్రమర్యాద. వీటికే అనుబంధ చతుష్టయమని పేరు. ప్రకృత గ్రంథానికి విషయం, పక్కపక్కన రెండు సీట్లు, తలల మీద ఉక్కు గొట్టాల పంజరం, గుబ్బల టైర్లు, వీపు వెనుక టర్బో బిగించిన ఇంజను కలిగి, రోడ్డు లేని చోట తిరగడానికే పుట్టిన వాహనం. అమెరికాలో దీనిని సైడ్ బై సైడ్ అంటారు. ఈ గ్రంథంలో గౌరవార్థం పార్శ్వాసన శకటమనీ, తొందరలో ఉన్నప్పుడు బండి అనీ వ్యవహరించడం జరుగుతుంది. ప్రయోజనం, ఇది కొన్నవారికి బండి నిలబడి ఉన్న వేళల్లో ఏం చేయాలో తెలియడం. నడిపే వేళ ఏం చేయాలో వారికి చెప్పేవారు లేరు, చెప్పినా ఆ చప్పుడులో వినపడదు. అధికారి, అనగా ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, ఖైరతాబాద్‌లో సెల్లారు ఉన్న అపార్ట్‌మెంటూ, మొయినాబాద్ వైపు కంచె వేసిన నాలుగెకరాలూ, ఈ రెంటి మధ్య డీసీఎం కిరాయి కట్టగల స్తోమతూ కలవాడు. సంబంధం సేవ్య సేవక భావం. ఇందులో సేవ అందుకునేదెవరు, చేసేదెవరు అన్నది నాలుగో పాదానికి వచ్చేసరికి తేటతెల్లమవుతుంది.

వంశావళి చెప్పకుండా ఏ నాయకుడినీ ప్రవేశపెట్టరాదు. పొలం పనులకు, వేటకు, మంచు దారులకు వాడే నాలుగు చక్రాల బండ్ల ఇంట ఈ శకటం పుట్టింది. పొలారిస్ సంస్థ 2016 మోడల్‌గా తెచ్చిన ఆర్‌జెడ్‌ఆర్ ఎక్స్‌పీ టర్బోలో 925 సీసీ ఇంజను 144 గుర్రాల బలం ఇవ్వగా, కెనడా వారి కాన్-యామ్ 2016లోనే చూపిన మావెరిక్ ఎక్స్3 మూడు సిలిండర్ల 900 సీసీ ఇంజనుతో 154 గుర్రాలకు చేరింది. ఆ వంశంలోనే 2023లో పుట్టిన మావెరిక్ ఆర్ 240 గుర్రాలను కట్టుకొని వచ్చింది. డకార్ ర్యాలీ 2017 నుంచి వీటికి విడిగా ఒక తరగతి ఏర్పరచింది. ఈ బలం ఎంతటిదో తెలియాలంటే 1983లో వచ్చిన మారుతి 800ను తలచుకుంటే చాలు: ఇంచుమించు ఇదే బరువుకు దానికి ఉన్నవి 40 లోపు గుర్రాలు, వాటితోనే ఒక తరం మొత్తం సామానుతో సహా తిరుపతి వెళ్లివచ్చింది.

ఇక మూలం సంగతి. మూలం లేనిదే టీక నిలవదు. ఈ శాస్త్రానికి పూర్వులు రాసిన మూలగ్రంథం లేనందువల్ల, షెడ్లలో వినిపించే మాటల పోకడను బట్టి మూలాన్ని కూడా టీకాకారుడే సమకూర్చుకోవలసి వచ్చింది. ఇందులో ఒక సౌకర్యం ఉంది: కవి హృదయమేమిటని ఎవరైనా నిలదీస్తే వెతుక్కోవలసిన దూరం తక్కువ.

మూలం

నంబరు లేని బండి, డీసీఎం మీద సామాను;
ముక్కు తుడవక దమ్ము పట్టకు;
బెల్టు వాసనొస్తే లో గేరు యాదికి రావాలె;
దిగేముందు రెండు నిమిషాలు ఆగు, అది చల్లారాలె, నువ్వు చల్లారాలె.

ప్రతిపదార్థం

నంబరు లేని బండి = రవాణా శాఖ వారి అంకెను పొందని శకటము; డీసీఎం మీద = మధ్యరకపు సరుకుల లారీపైన; సామాను = సరుకు మాత్రమే (అగుచున్నది); ముక్కు = గాలి లోనికి పోవు ద్వారమును, అందలి ఫిల్టరును; తుడవక = శుభ్రపరచక; దమ్ము = బూస్టు అనబడు కుక్కిన గాలిని; పట్టకు = కోరవద్దు; బెల్టు వాసన = రబ్బరు మాడిన కంపు; ఒస్తే = ముక్కుపుటాలకు సోకినచో; లో గేరు = మందగతికి ఉద్దేశింపబడిన పళ్లచక్రముల జత; యాదికి రావాలె = స్మరణకు రావలెను; దిగేముందు = పంజరమునుండి వెలువడుటకు పూర్వము; ఆగు = నిలువుము; అది = శకటము; నువ్వు = యజమానివి; చల్లారాలె = వేడిమిని విడువవలెను.

ప్రథమ పాదం

మొదటి పాదం చిన్నదే అయినా శాస్త్రమంతటికీ అదే పునాది. తక్కిన మూడు పాదాలకు కావలసిన ఆయిలూ ఫిల్టర్లూ బెల్టులూ డబ్బు పెడితే దొరుకుతాయి, నంబరు దొరకదు.

ఇక్కడ పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందు నిలబెట్టే ఎదుటివాని వాదం, ఇలా ఉంటుంది. నాలుగు చక్రాలు, స్టీరింగు, బ్రేకు, హెడ్‌లైటు ఉండి, పెట్రోలు తాగి, కారుకు మించిన వేగంతో పోయే వస్తువుకు నంబరు ఇవ్వనంటే అది తర్కానికి నిలుస్తుందా? దీనికి సమాధానం వస్తువు ఆకారంలో లేదు, నిర్వచనంలో ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండో సెక్షను 28వ క్లాజులో, యంత్రబలంతో నడుస్తూ రోడ్ల మీద వాడకానికి తగినట్టు తయారైనది మోటారు వాహనమని లక్షణం చెప్పి, మూడింటిని మినహాయించింది. పట్టాల మీద నడిచేది మొదటిది. దీనికి ఖైరతాబాద్ స్టేషనులో ఆగే ఎంఎంటీఎస్ రైలు దృష్టాంతం. ఫ్యాక్టరీలోనో మరే మూసిన ఆవరణలోనో మాత్రమే వాడడానికి చేసిన ప్రత్యేక రకపు బండి రెండోది. చక్రాలు నాలుగుకు తక్కువై, ఇంజను 25 సీసీకి మించనిది మూడోది. పార్శ్వాసన శకటానికి పట్టాలు లేవు; చక్రాలు నాలుగూ కళ్లెదుట ఉన్నాయి, 900 సీసీ ఇంజను 25 సీసీకి 36 రెట్లు. కనుక ఒకటో మినహాయింపూ మూడోదీ దీని దరిదాపులకు రావు, వాదమంతా రెండోదాని చుట్టూనే తిరుగుతుంది.

అప్పుడు పూర్వపక్షి గొంతు మార్చి, తన నాలుగెకరాలకూ కంచె ఉంది కదా, అది మూసిన ఆవరణ కాదా అంటాడు. ఈ వాదానికి తెలుగునేల మీదనే ఒక బలమైన ఆధారం దొరకడం విశేషం. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రహరీ లోపల, సరుకు పంపే యార్డులో మాత్రమే తిరిగిన వాహనాలకు ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ వసూలు చేసిన పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రజలు ఇష్టం వచ్చినట్టు వచ్చిపోయే వీలు లేని ఆ యార్డు బహిరంగ స్థలం కాదు కాబట్టి అక్కడే తిరిగిన కాలానికి పన్ను చెల్లదని 2025 ఆగస్టులో కోర్టు తేల్చింది. పూర్వపక్షి ఈ తీర్పును ఫ్రేము కట్టించి పెట్టుకోవచ్చు గానీ దానిని గేటు బయటికి తీసుకుపోలేడు. ఆ తీర్పు మాట్లాడింది పన్ను గురించి. గేటు దాటి బండి ముందు చక్రం తారు మీద పడిన మరుక్షణం 39వ సెక్షను రిజిస్ట్రేషను అడుగుతుంది, 146వ సెక్షను ఎదుటివారి నష్టానికి బీమా అడుగుతుంది, రిజిస్ట్రేషను లేదంటే 192వ సెక్షను మొదటి తప్పుకు 5,000 రూపాయల దాకా జరిమానా అడుగుతుంది. నంబరు లేని బండికి రోడ్డు బీమా దొరకదు, బీమా లేని బండి ఎవరినైనా తాకితే నష్టమంతా యజమాని జేబు మీదే పడుతుంది. కాబట్టి పక్క ఊరి కిళ్లీ కొట్టు దాకానే కదా అనే న్యాయం ఇక్కడ చెల్లదని సిద్ధాంతం.

మరి నంబరు సంపాదించకూడదా అంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం ప్రకారం ఏ రకపు వాహనమైనా నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల్లో పరీక్షకు పెట్టి నెగ్గించాలి. అది తయారీదారు చేయవలసిన పని, కొన్నవాడు బండిని వెంటబెట్టుకొని పోయి చేయించుకునేది కాదు. ఈ అడ్డంకిని దాటిన దగ్గరి చుట్టం ఒకటి ఉంది. పొలారిస్ సంస్థ 2019లో తన స్పోర్ట్స్‌మన్ 570 అనే బండిని, పక్కపక్కన కాక గుర్రమెక్కినట్టు కూర్చునే రకాన్ని, మన దేశంలో ట్రాక్టరుగా ఆమోదింపజేసి నంబరు వచ్చే వీలు కల్పించింది. వెనుక కొక్కెం, దానికి తగిలించే ట్రాలీ, దుక్కి దున్నగలదన్న వాగ్దానం తోడై ఒక ఆటబండి వ్యవసాయ పరికరమైంది. యోగశాస్త్రంలో దీనిని పరకాయ ప్రవేశమంటారు. టర్బో బిగించిన పార్శ్వాసన శకటానికి అలాంటి సిద్ధి ఇంకా కలగలేదు.

ఈ లోటు ఖైరతాబాద్‌లోనే ఎక్కువగా బాధించడానికి కారణం, నంబర్ల కాశీ ఇక్కడే ఉండడం. ఇక్కడి ఆర్‌టీఏ ఆఫీసు ఇచ్చే అంకెలకు ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 అని మూడు పాఠాంతరాలు ఉన్నాయి. రెండోది 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక, మూడోది 2024 మార్చి నుంచి వాడుకలోకి వచ్చాయి. ఈ పీఠంలోనే 2024లో ఒక 9999 వేలంలో 25 లక్షలు దాటి పలికింది. తన పెద్ద కారుకు నాలుగు తొమ్మిదుల కోసం లక్షలు వెచ్చించిన గృహస్థే, పక్క స్లాటులో నిలబెట్టిన మరో బండికి ఒక్క అంకె కూడా లేక దాని వెనుక ఖాళీ పలకకేసి చూస్తూ లిఫ్టు ఎక్కడం, కర్మసిద్ధాంతం తప్ప మరొకటి వివరించలేని విషయం.

ఇక డీసీఎం. 1980లలో డీసీఎం-టయోటా పేరుతో వచ్చిన చిన్న లారీలు ఆగిపోయినా, ఆ మూడక్షరాలు హైదరాబాదులో ఆ సైజు సరుకు బండ్లన్నిటికీ స్థిరపడిపోయాయి. పార్శ్వాసన శకటం దాని మీదికి ఎక్కిన క్షణంలో వాహనత్వం పోయి సరుకుత్వం వస్తుంది. వాహనానికి వాహనం కావలసి రావడం దీని ప్రత్యేక లక్షణం. దేవతలకు ఇది కొత్త కాదు. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన ఖైరతాబాద్ గణపతి 2024లో 70 అడుగులకు పెరిగి, ఎలుకను పక్కన పెట్టి ఏటా పొడవాటి ట్రెయిలరు మీదనే హుస్సేన్‌సాగర్‌కు బయలుదేరుతున్నాడు. శకటాన్ని కట్టడంలో మాత్రం ఒక మెలకువ ఉంది: పట్టీలను పంజరానికి బిగిస్తే మాసబ్ ట్యాంకు, మెహిదీపట్నం, లంగర్‌హౌస్ స్పీడు బ్రేకర్ల మీద స్ప్రింగులు అణిగి లేచిన ప్రతిసారీ కట్టు వదులవుతుంది, నాలుగు టైర్లను విడివిడిగా కట్టేస్తే స్ప్రింగుల మీద బండి ఊగినా కట్టు వదలదు. అయినా లంగర్‌హౌస్ దాటాక ఒకసారి ఆపించి చూసుకోవడం పెద్దల ఆచారం.

ద్వితీయ పాదం

టర్బో అంటే పొగ పోయే దారిలో ఒక రెక్కల చక్రం, గాలి వచ్చే దారిలో ఇంకొక రెక్కల చక్రం, రెంటినీ కలిపే ఒకే ఇరుసు. ఇంజను విడిచే వేడి పొగ మొదటి చక్రాన్ని తిప్పితే, ఇరుసుతో పాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని లోపలికి కుక్కుతుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు, దానికి తగ్గ బలం. ఎలాగూ పారిపోయే పొగ చేత చాకిరీ చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. కుక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది కనుక దానిని ఇంటర్‌కూలర్ అనే జల్లెడవంటి రేడియేటరు గుండా పంపి చల్లబరుస్తారు. దాని సందుల్లో బురద ఎండి కూర్చుంటే ఇంజను వేడిగాలి పీల్చి బలం తగ్గుతుంది, యజమాని పెట్రోలు బంకును తిడతాడు.

ఇప్పుడు ముక్కు అన్న మాట సార్థకమవుతుంది. మామూలు ఇంజను గాలిని పీలుస్తుంది. టర్బో ఇంజను గుంజుకుంటుంది. మొయినాబాద్ ఎర్రమట్టి ఎండాకాలంలో పౌడరంత మెత్తగా లేస్తుంది, ముందొక బండి పోతుంటే వెనుక పోయే బండి దుమ్ములో నడవదు, దుమ్మును తింటుంది. ఫిల్టరు అంచు సరిగా కూర్చోక తలవెంట్రుకంత సందు మిగిలితే, ఆ మట్టి లక్ష చుట్ల రెక్కల అంచులను ముందుగా అరగదీసి, ఆ తర్వాత సిలిండరు గోడలను గరుకు కాగితంలా రుద్దుతుంది. పరీక్ష సులభం: ఫిల్టరు దాటాక ఉండే గొట్టం మూతి విప్పి, లోపలి గోడ మీద తెల్లటి గుడ్డ చుట్టిన వేలిని ఒక్క చుట్టు తిప్పాలి. గుడ్డ తెల్లగా వస్తే సరే. వేలి కొన దగ్గర కుంకుమ పొడి అంటినంత ఎరుపు కనిపించినా, ఆ రోజుకు బండి కదలరాదు. కొత్త ఫిల్టరు పెట్టాలి, పెట్టేముందు పెట్టె లోపలంతా తడిగుడ్డతో తుడవాలి, రబ్బరు అంచుకు పలచగా గ్రీజు రాయాలి.

ఇక్కడ ఒక దురాచారాన్ని ఖండించవలసి ఉంది. పంక్చరు షాపులో ఎయిర్ గన్ను పట్టి ఫిల్టరును ఊదించడం చాలామందికి అలవాటు. ఆ ఒత్తిడికి కాగితం మడతల్లో కంటికి కనపడని చిల్లులు పడతాయి. చూడడానికి శుభ్రంగా, పనికి జల్లెడగా తయారైన ఫిల్టరు కన్నా మురికి ఫిల్టరే మేలు. ఒక ఫిల్టరు ధర ఆదా చేయబోయి టర్బోను మార్చుకున్నవారిని ఏ న్యాయం కిందకి తేవాలో పండితులు నిర్ణయించవలసి ఉంది.

ముక్కుతో పాటు నోటి సంగతి కూడా ఈ పాదంలోనే గ్రహించాలి. ఇలాంటి ఇంజన్ల పుస్తకంలో పెట్రోలు 91 ఆక్టేను ఉండాలని రాసి ఉంటే, ఆ అంకె అమెరికా లెక్క. ఆక్టేను అంటే, ఒత్తిడి పెరిగినా నిప్పురవ్వ పడేదాకా మండకుండా ఓర్చుకునే గుణం. అక్కడ రెండు రకాల పరీక్షల సగటును బంకు మీద రాస్తారు, మన దేశంలో వాటిలో ఎక్కువ అంకె ఇచ్చే పరీక్ష ఒక్కటే రాస్తారు. కనుక అక్కడి 91 ఇక్కడ ఇంచుమించు 95 అవుతుంది. తొంభై ఒకటి అడిగితే తొంభై ఒకటే పోశామని సంతోషించే అమాయకుడి ఇంజను, గుట్ట ఎక్కేటప్పుడు కటకటమంటుంది.

తృతీయ పాదం

ఈ పాదం మీద షెడ్లలో జరిగినంత చర్చ మరి దేని మీదా జరగదు. ఎక్కువ సైడ్ బై సైడ్లలో కారుకు ఉన్నట్టు అంచెలంచెల గేర్లుండవు. ఇంజను ఇరుసు మీద ఒక జత పళ్లేలు, గేరు పెట్టె ఇరుసు మీద ఇంకొక జత పళ్లేలు ఉండి, వాటి మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. వేగం పెరిగితే ఇంజను వైపు పళ్లేలు దగ్గరకు జరిగి బెల్టును పైకి నెడతాయి, అవతలి వైపు పళ్లేలు విడిపోయి దానిని లోపలికి దించుకుంటాయి; ఇలా నిష్పత్తి జారుతూ మారుతుంది. దీనికి సీవీటీ అని పేరు. అపూర్వ విద్య అని భయపడనక్కరలేదు. 1984లో కైనెటిక్ హోండా స్కూటరుతో ఇది మన దేశంలోని వీధుల్లోకి వచ్చింది, ఇవాళ కూరగాయల సంచి తగిలించుకొని పోయే ప్రతి ఆక్టివాలోనూ ఉన్నది. అందుచేత నాంపల్లి, ఆబిడ్స్ సందుల్లో స్కూటర్లు విప్పి పెరిగిన మెకానిక్కు ఈ మూత తెరిచి లోపల చూస్తే తెలియనిదేమీ కనపడదు, సైజు తప్ప.

తేడా అంతా వేడిలో ఉంది. స్కూటరు బెల్టు మీద పదిలోపు గుర్రాలు లాగుతాయి, ఇక్కడ నూటయాభై. బెల్టుకు ఆయిలు తగలరాదు, రాపిడితోనే పట్టు నిలవాలి; పట్టు జారితే వేడి, వేడికి మళ్లీ జారుడు. బండరాయి ఎక్కేటప్పుడు, ఇసుకలో కూరుకున్న చక్రాన్ని లాగేటప్పుడు, ట్రాలీ ఎక్కించేటప్పుడు బండి మెల్లగా కదులుతుంటే ఇంజను మాత్రం గట్టిగా తిరుగుతుంది, అప్పుడు పళ్లెం ఒకేచోట బెల్టును చెక్కుతుంది. విప్పి చూస్తే ఆ చోట బెల్టు నడుము సన్నబడి డమరుకంలా కనిపిస్తుంది. ఆ డమరుకం తర్వాత జరిగేది తాండవమే. తెగిన బెల్టు పెట్టె నిండా నల్లటి నారల చిక్కుగా చుట్టుకుపోతుంది, కొన్ని పోగులు పళ్లేల వెనుకకు దూరి ఇరుసుకు బిగుసుకుంటాయి. మెల్లగా పోవలసిన చోట లో గేరు వేస్తే బెల్టు మీద పడే భారం పళ్లచక్రాల మీదికి పోతుంది. అంత మాత్రానికి లివరు ఒక మెట్టు మార్చడం యజమానికి నామోషీ ఎందుకో శాస్త్రం చెప్పలేదు. పక్క సీట్లో బావమరిది కూర్చున్నప్పుడు ఆ నామోషీ రెట్టింపవుతుందని మాత్రం లోకానుభవం.

వాసన అన్న మాటకు ఇక్కడ అనుమాన ప్రమాణమని అర్థం చెప్పుకోవాలి. ధూమాన్ని బట్టి పర్వతం మీద అగ్ని ఉన్నదని తెలుసుకున్నట్టు, కంపును బట్టి పెట్టె లోపలి వేడిని తెలుసుకోవాలి. ప్రత్యక్ష ప్రమాణం కోసం ఎదురుచూస్తే బెల్టు ముక్కలే ప్రత్యక్షమవుతాయి. వాసన వచ్చిన వెంటనే ఆపి, న్యూట్రల్‌లో ఇంజనును ఊరికే తిరగనిస్తే పళ్లేల రెక్కలే గాలిని తోలి పెట్టెను చల్లబరుస్తాయి. బెల్టు తెగిపోతే కొత్తది వేసేముందు పాత పోగులను ఒక్కటి కూడా మిగలకుండా పీకాలి, పళ్లేల ముఖాలకు అంటిన నల్లటి మెరుగును తుడిచి గరుకు చేయాలి, బెల్టు మీది బాణం గుర్తు తిరిగే వైపుకే ఉండేట్టు చూడాలి. కొత్త బెల్టును మొదటి కొన్ని పదుల కిలోమీటర్లు మెత్తగా నడపాలన్నది విధి. విధి అంటే తప్పక చేయవలసినది, కొత్త బెల్టు వేసిన ఉత్సాహంలో ఎవరూ చేయనిది.

రాణిగంజ్ దుకాణాల్లో పిండిమిల్లు బెల్టు నుంచి కంప్రెసరు బెల్టు దాకా ఏదైనా కొలత చెబితే గోడ మీది కొక్కెం నుంచి దింపి ఇస్తారు. అదే కొలత బెల్టు ఇందులో పట్టినట్టే పట్టి పది నిమిషాల్లో పొట్టు పొట్టవుతుంది. పక్కల ఏటవాలు, లోపలి దారాల నేత కలవకుండా పొడవు ఒక్కటి కలిస్తే ప్రయోజనం లేదు. అసలు బెల్టు విదేశం నుంచి రావాలి, కనుక సీటు కింద ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకోవడం ఉత్తమం. వానాకాలంలో నీళ్లలోంచి తీసుకుపోతే పెట్టె అడుగు బిరడా విప్పి నీరు వదలడమూ, ఆ పెట్టెకు గాలి తెచ్చే గొట్టానికి కూడా ఒక ముక్కు ఉందని గుర్తుంచుకోవడమూ ఈ పాదానికే చెందుతాయి. కీళ్లు, బుష్షులు, చక్రాల బేరింగులు, గ్రీజు కొట్టడం మొదలైనవి ఏ బండికైనా ఉన్నవే కాబట్టి టీకాకారుడు వాటి జోలికి పోలేదు.

చతుర్థ పాదం

గట్టిగా తోలి వచ్చిన ఇంజను పొగ ఎనిమిది వందల డిగ్రీల వేడి దాటి ఉంటుంది, టర్బో ఆ పొగలోనే కూర్చుంటుంది. దాని ఇరుసును మోసేది పలచటి ఆయిలు పొర. తాళం తిప్పగానే ఆయిలు పంపు ఆగిపోతుంది, ఎర్రగా కాలిన లోహం ఆగిపోదు; నిలబడిపోయిన ఆయిలు అక్కడికక్కడే మాడి బొగ్గు పొరగా అంటుకుంటుంది. అలా కొన్నాళ్లు జరిగితే ఇరుసు బిగిసి ఈలలు వేయడం మొదలుపెడుతుంది. ఇంజనును ఊరికే రెండు నిమిషాలు తిరగనిస్తే చల్లటి పొగ, పారే ఆయిలు కలిసి ఆ వేడిని లాక్కుపోతాయి.

ఆధునికులు ఇక్కడ ఒక ఆక్షేపణ చేస్తారు. నేటి టర్బోల బేరింగు చుట్టూ నీటి దారి కూడా ఉంది, ఇంజను ఆగినా వేడికి నీరు తనంతట తాను కదులుతుంది, ఫ్యాను కూడా కాసేపు తిరుగుతుంది, కనుక సూత్రం పాతబడిందంటారు. ఆక్షేపణ సగం నిజం. నీటి దారి ఉన్నదానికి ప్రమాదం తక్కువ, లేదని కాదు. పైగా చివరి కిలోమీటరు మెత్తగా నడుపుకుంటూ వచ్చినవాడికి కూర్చునే రెండు నిమిషాలు దారిలోనే తీరిపోయినట్టు లెక్క. గేటు దాకా దుమ్ము రేపుకుంటూ వచ్చి, చూసే జనం ముందు గిర్రున తిప్పి ఆపినవాడికి మాత్రం సూత్రం అక్షరాలా వర్తిస్తుంది.

నువ్వు చల్లారాలె అన్న రెండో భాగాన్ని కొందరు ప్రక్షిప్తమంటారు, అనగా ఎవరో తర్వాత చేర్చినదని. అది పొరపాటు. నాలుగు పట్టీల సీటు బెల్టు విప్పుకోకుండా కూర్చున్న ఆ రెండు నిమిషాల్లోనే చెవుల్లో హోరు తగ్గుతుంది, ఏ కీలు దగ్గర కిర్రుమన్నదో, ఏ మలుపులో స్టీరింగు గుంజిందో అప్పుడే గుర్తుకు వస్తుంది. దిగి చాయ్ తాగాక ఆ జ్ఞానం ఉండదు. పంజరమూ పట్టీలూ ఒకదానికొకటి తోడు: బండి పల్టీ కొడితే పంజరం కాపాడేది పట్టీ కట్టుకున్నవాడినే, చేయి బయట పెట్టి గొట్టం పట్టుకున్నవాడి వేళ్లను కాదు.

ఆగడమనే ధర్మం రెండు నిమిషాలతో తీరదు. ఈ బండి జీవితంలో ఎక్కువ భాగం ఖైరతాబాద్ సెల్లారులో నిలబడడమే, నిలబడ్డ బండి నడిచే బండి కన్నా ఎక్కువ సేవ కోరుతుంది. మీటరు కిలోమీటర్లతో పాటు ఇంజను తిరిగిన గంటలు చెబుతుంది, సర్వీసుకు లెక్క ఆ గంటలదే. పెట్రోలులో కలిపే ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వానాకాలమంతా సగం ట్యాంకుతో నిలబెట్టరాదు, నింపి ఉంచాలి లేదా ఖాళీ చేయాలి. బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది, దానికి సన్నటి చార్జరు తగిలించి ఉంచాలి. సెల్లారు ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పైన చెప్పిన గణపతి తన వాహనాన్ని పక్కన పెట్టిన ఫలితం ఇక్కడ అనుభవంలోకి వస్తుంది.

నెలకు మూడు గంటలు తిరగడానికి ముప్పై రోజుల చాకిరీయా అని గృహిణి వేసే ప్రశ్నను ఈ శాస్త్రంలో మహాపూర్వపక్షమంటారు. దీనికి సిద్ధాంతి చూపే ఆధారం చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేసి, చూసుకోకముందే 1911లో మరణించగా, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దర్బారు ఊరేగింపులకు వాడిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ నిలబడి ఉంది. అది తిరిగిన కాలం కన్నా నిలబడ్డ కాలం ఎన్నో రెట్లు, దాన్ని తుడిచిన చేతులు ఎన్నో తరాలవి. బండిని కొని నిలబెట్టి తుడుచుకోవడం ఈ నగరంలో కొత్తగా వచ్చిన వ్యసనం కాదని, సంప్రదాయమని దీనివల్ల తెలుస్తున్నది. గృహిణి ఈ సమాధానాన్ని అంగీకరించినట్టు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

ఫలశ్రుతి

ఈ చతుస్సూత్రిని పఠించినవారికి పుణ్యం సంగతి టీకాకారుడు చెప్పలేడు. పాత బండి కొనబోయేవారికి మాత్రం దృష్టఫలం ఉంది. నంబరు లేని బండికి ఆర్‌సీ లేదు, ఆర్‌సీ లేనిదానికి యజమాని పేరు మార్చే 29, 30 ఫారాలు వర్తించవు; అమ్మేవాడి దగ్గర ఉండవలసినవి మొదటి ఇన్‌వాయిసు, విదేశం నుంచి దిగిన బండి అయితే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ. అవి లేకుండా తక్కువ ధర చెబితే ఆ తక్కువకు కారణం అడగాలి. గంటల మీటరు నలభై గంటలే చూపుతున్నదని సంతోషించరాదు, సెల్లారులో నిలబడ్డ సంవత్సరాలను ఆ మీటరు లెక్కించదు. ముందు ఫిల్టరు గొట్టం విప్పించి తెల్లగుడ్డ అడగాలి, తర్వాత బెల్టు పెట్టె మూత తీయించాలి, ధర మాట ఆ తర్వాతే ఎత్తాలి.